నీళ్లబండి తోలినవాడు

మట్టిని గూర్చి మన పల్లెలవారికి ఎవరును క్రొత్తగా బోధింపనక్కరలేదు. వాన వెలిసిన మరునాడు రైతు చేనిగట్టున నిలిచి, పిడికెడు మన్ను తీసికొని నొక్కి చూచును. ముద్దయై చేతికంటుకొనినయెడల ఇంకను ఆగవలెననును. పొడియై రాలినయెడల ఆలస్యమైనదనును. నొక్కగా ముద్దయై, వ్రేలితో తాకగానే విడిపోయినయెడల, "పదునున్నది, అరక కట్టుడి" అనును. ఈ పదును అను మాటను ఏ బడిలోను నేర్పరు. అది తండ్రి చేతినుండి కుమారుని చేతికి వచ్చు విద్య.

ఈ విద్యనే నేను సముద్రముల కావల, అమెరికా దేశములో, ఒక వృద్ధుని నోట వింటిని. అయితే ఆయన చెప్పినది సేద్యమును గూర్చి కాదు. మట్టిబాటలమీద జరుగు మోటారు కార్ల పందెములను గూర్చి. కార్ల పందెములతో మనకేమి పని అని కొందరు చదువరులు అడుగవచ్చును. తుదివరకు చదివి మీరే తీర్పు చెప్పుడి.

నేను గుంటూరు జిల్లాలో 30 ఏండ్లు పల్లెటూరి బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా అమ్మాయియు అల్లుడును పెన్సిల్వేనియా రాష్ట్రములోని బక్స్ కౌంటీలో కాపురముండగా, వారియొద్ద కొన్ని నెలలు గడుపుటకు వెళ్లితిని. ప్రక్కయింటిలో 90 ఏండ్లు దాటిన వృద్ధుడొకడు ఒంటరిగా నివసించుచుండెను. మా మనుమడు నన్ను పిలిచినట్లే ఆయనను కూడ "తాతయ్యా" అని పిలుచును. ఆయనకు ఆ పిలుపు మిక్కిలి ఇష్టమాయెను. తత్ఫలితముగా నన్ను పిలిచినప్పుడు ఆయనయు, ఆయనను పిలిచినప్పుడు నేనును పలుకుచుండెడివారము. ఆ విధముగా మాకు స్నేహము కలిగెను. సాయంకాలములందు వారి యింటి ముందటి మెట్లమీద కూర్చుండి ఆయన చెప్పుచుండగా, మనుమడును నేనును వినుచుండెడివారము.

ఆయన చెప్పిన చరిత్రను మొదట క్లుప్తముగా చెప్పెదను.

అమెరికా పల్లెసీమలలో పూర్వమునుండి ఏటేట కౌంటీ ప్రదర్శనలు జరుగును. రైతులు తమ ఆవులను, పందులను, గుమ్మడికాయలను, జొన్నకంకులను తెచ్చి, బహుమానములు పొందుదురు. ఆ మైదానములలో గుఱ్ఱపు పందెములకై అర మైలో, ఒక మైలో చుట్టుకొలత గల మట్టిబాట ఉండెడిది. మోటారు కారు వచ్చిన తరువాత ఆ గుఱ్ఱపు బాటలమీదనే కార్లు పరుగెత్తనారంభించెను. విస్కాన్సిన్ రాష్ట్రములో మిల్వాకీ నగరపు ప్రదర్శన మైదానమున 1903 సెప్టెంబరులోనే కార్ల పందెము జరిగెను. మన తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూచినవారికి ఈ సంబరము ఇట్టే బోధపడును. రైతు మొదట తన పశువును, తరువాత తన యంత్రమును, పొరుగువారి యెదుట పరీక్షకు నిలుపును.

మా అమ్మాయివారి ఊరికి దగ్గరనే లాంగ్‌హార్న్ అను చోటు కలదు. అచ్చట 1926 జూనులో కార్ల కొరకే ఒక మట్టిబాటను తెరచిరి. దాని చుట్టుకొలత ఒక మైలు. తక్కిన బాటలకు రెండు ప్రక్కల తిన్నని దారియు, రెండు కొనల వంపును ఉండును. తిన్నని చోట డ్రైవరు చేతులకు కొంత విశ్రాంతి దొరకును. లాంగ్‌హార్న్ బాటయో, ఇంచుమించు సున్న చుట్టినట్లు గుండ్రముగా నుండెను. 100 మైళ్ల పందెమనగా 100 చుట్లు. 100 చుట్లును ఎడమకు తిరుగుటయే. దేశములోని గొప్ప డ్రైవర్లు సహితము ఆ బాటకు భయపడిరని ఆయన చెప్పెను.

"ఎడమకు తిరుగవలెనన్న స్టీరింగును ఎటు త్రిప్పుదురో చెప్పుము" అని ఆయన మా మనుమని అడిగెను. వాడు "ఎడమకే" అనెను. ముసలాయన నవ్వి, "మట్టిమీద కుడికి త్రిప్పవలెను" అనెను. వానకాలమున బురదదారిలో సైకిలు వెనుకచక్రము ప్రక్కకు జారినప్పుడు మనము హ్యాండిలును ఆ జారిన వైపునకే త్రిప్పి నిలద్రొక్కుకొందుము గదా! ఇదియు అట్టిదే. మట్టిమీద వేగముగా వంపు తిరుగునప్పుడు కారు వెనుకచక్రములు బయటికి జారును. డ్రైవరు ముందుచక్రములను కుడికి త్రిప్పి, ఇంజను బలమును పాదముతో పెంచుచు తగ్గించుచు, ఆ జారుడునే నడకగా చేసికొనును. కారు అడ్డముగా నున్నట్లు కనబడును. కాని అది సరియైన దారినే పోవుచుండును.

ఆ దినములలో కారు పైభాగము తెరచియే యుండెను. డ్రైవరు తలపై రక్షణకు ఇనుప పంజరము లేదు. అట్టివి సాధారణమగుటకు 1970 ప్రాంతము వరకు ఆగవలసివచ్చెను. ముందటి కార్ల చక్రములు విసరిన మట్టిపెళ్లలును, రాళ్లును ముఖమునకు తగులుచుండగా, నోటికి గుడ్డ కట్టుకొని, కండ్లకు అద్దములు పెట్టుకొని తోలెడివారు.

మన చదువరులలో రైతులెక్కువ గనుక ఒక రైతును గూర్చి చెప్పవలెను. అదే రాష్ట్రములో ఓలీ అను ఊరి దగ్గర టామీ హిన్నర్‌షిట్జ్ అను సేద్యగాడు ఉండెను. 1912లో పుట్టినవాడు. తూర్పు రాష్ట్రముల స్ప్రింట్ కార్ల పోటీలో ఆ యేటి విజేతగా 7 మారులు నిలిచెను. 1939 మేలో విలియమ్స్ గ్రోవ్ అను చోట క్రొత్తగా అర మైలు మట్టిబాట తెరచినప్పుడు, అచ్చట మొదటి పందెము గెలిచినవాడు ఇతడే. మట్టిని దున్నినవాడే మట్టిమీద గెలుచుచుండగా, చుట్టుప్రక్కల పల్లెల రైతులు తమ బిడ్డ గెలిచినట్లు సంతోషించిరట. ఆ విలియమ్స్ గ్రోవ్ బాటమీద నేటికిని పందెములు జరుగుచున్నవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, రబ్బరును పెట్రోలును మిగుల్చుటకై 1942 జూలై తరువాత ప్రభుత్వము పందెములను నిలిపివేసెను. 1945లో యుద్ధము ముగియగానే అవి మరల మొదలాయెను. సైన్యమునుండి తిరిగివచ్చిన యువకులు వేలకు వేలు. వారిలో యంత్రములు తెలిసినవారనేకులు. ప్రతి కౌంటీలోను ఎవరో ఒకరు పాత కారును విప్పి, బిగించి, బాటమీదికి తెచ్చుచుండిరి. మన ముసలాయన అప్పుడు బడిపిల్లవాడు. ఆయన కథ ఇక్కడ మొదలగును.

ఆయన తండ్రి చిన్న రైతు. కొన్ని పాడియావులును, కొంత మొక్కజొన్న చేనును ఉండెను. ఊరికి సమీపమున ప్రదర్శన మైదానములో అర మైలు మట్టిబాట యుండెను. వేసవిలో ప్రతి శనివారము అచ్చట పందెములు జరుగును. ఆ బాటను సిద్ధపరచు పని ఈ రైతుకు అప్పగించిరి. ఏలయనగా ఆయనకు ట్రాక్టరు కలదు. అంతకంటె ముఖ్యముగా మట్టి తెలియును. కూలి స్వల్పమే. కుమారుడు తండ్రివెంట నీళ్లబండి మీద ఎక్కి కూర్చుండెడివాడు. తల్లి మాత్రము ఎన్నడును పందెము చూడ రాలేదు. ఆదివారమున పెద్ద బాటలలో పందెములు పెట్టుట ఆమెకు ఎంతమాత్రము ఇష్టము లేదు. ఆదివారము గుడికి రావలెనన్న షరతుమీద శనివారము కుమారుని పోనిచ్చెడిది.

ఆ పని ఎట్టిదనగా: తెల్లవారుజామున ట్రాక్టరుకు దంతె కట్టి, పై మట్టిని రెండు మూడంగుళములు పెకలింతురు. ప్రక్క వాగునుండి లారీపై తొట్టెతో నీరు తెచ్చి తడుపుదురు. నీరు దిగువరకు ఆగుదురు. బరువు బండ్లను త్రిప్పి అదుముదురు. మరల తడుపుదురు, మరల అదుముదురు. మన పెద్దలు నూర్పిడికి ముందు కళ్ళము చేసిన విధము జ్ఞాపకమున్నదా? చెక్కి, తడిపి, పశువులతో త్రొక్కించి, అలికి, ఆరనిచ్చి, గింజ మట్టిలో కలియకుండ గట్టిపరచెడివారు. ఇదియు ఇంచుమించు అట్టి పనియే. కాని కళ్ళము ఎండవలెను, పందెపుబాట ఎండరాదు. కొన్నిచోట్ల చెమ్మ నిలుచుటకై కాల్షియం క్లోరైడు అను ఉప్పును చల్లుదురు. కొన్నిచోట్ల వాడిన ఇంజను నూనెను పోసెడివారు. ఈ రైతు నీటినే నమ్ముకొనెను.

మట్టిబాట దినమంతయు ఒక్కరీతిగా నుండదు. మొదటి చుట్లలో మన్ను బరువుగా, చెమ్మగా నుండి టైర్లను పట్టును. కార్లు ఒకదానివెంట నొకటి వంపున జారుచు పోవుటవలన వదులైన మన్ను బయటి అంచునకు విసరబడి, అచ్చట మెత్తని గట్టు ఏర్పడును. లోపలి దారి అరిగి, నునుపై, నల్లగా మెరయును. నేర్పరియైన డ్రైవరు ప్రతి చుట్టునను మట్టి రంగు చూచుకొనును. ముదురు రంగున్నచోట చెమ్మ కలదు, చక్రము పట్టును. పాలిపోయినచోట జారును. నీరెక్కువైనయెడల గోతులు పడును. గోతిలో చక్రము తగులుకొని కారు బోర్లపడును. నీరు తక్కువైనయెడల ధూళి లేచును. వెనుక వచ్చువానికి ముందేమున్నదో కానరాదు. ఒక కారు అడ్డము తిరిగి నిలిచిపోయినయెడల, వెనుకవాడు దానిని చూచునప్పటికి ఆగుటకు దూరము మిగిలియుండదు.

"మట్టిబాటమీద మనుష్యులను చంపునది వేగమొక్కటే కాదు, ధూళి కూడ" అని ఆయన తండ్రి చెప్పుచుండెడివాడట. ఇది చెప్పుచు ఆ వృద్ధుడు పూలమొక్కల పాదులోనుండి పిడికెడు మన్ను తీసి, నొక్కి, తెరచి, బొటనవ్రేలితో తాకి చూపించెను. నేను ఆశ్చర్యపడితిని. మా నాయన చేనిగట్టున చేసినది అచ్చముగా ఇదే. "దీనిని మా భాషలో పదును అందుము" అని చెప్పితిని. ఆయన ఆ మాటను మూడు నాలుగు మారులు పలికి చూచుకొనెను.

యుద్ధము ముగిసిన అయిదారేండ్లకు ఒక వేసవి శనివారమున జరిగినది ఇది. నాలుగు వారములుగా వాన లేదు. వాగు సన్నగిల్లెను. పగలంతయు వేడిగాలి వీచెను. తండ్రియు కుమారుడును మధ్యాహ్నము వరకు నీరు మోసిరి. చిన్న పందెములు ముగియునప్పటికి బాట పాలిపోయి, ధూళి లేవనారంభించెను. ఇక మిగిలినది ఆఖరి పెద్ద పందెము. ఇరువదికి పైగా కార్లు వరుసలో నిలిచెను. జనులు కిక్కిరిసియుండిరి. ప్రొద్దు వాలుచుండెను.

తండ్రి బాటమీదికి నడచిపోయి, రెండవ వంపున వంగి, మన్ను నొక్కి చూచెను. తిరిగివచ్చి యజమానితో, "ఇంకను అరగంట కావలెను. నాలుగు బండ్ల నీరు పోయవలెను" అని చెప్పెను. యజమాని గడియారము చూచి, వెలుతురు పోవుచున్నదనియు, జనులు ఓర్వరనియు, టిక్కెట్టు డబ్బు తిరిగి ఇయ్యవలసివచ్చుననియు చెప్పి, వెంటనే మొదలుపెట్టుమని సైగ చేసెను. రైతు మారుమాటాడలేదు. లారీ ఎక్కి, కార్లు బాటమీదికి పోవు ద్వారమునకు అడ్డముగా దానిని నిలిపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, మెట్టుమీద కూర్చుండెను.

జనులు కేకలు వేసిరి. కొందరు సీసాలు విసరిరి. డ్రైవర్లలో కొందరు తిట్టిరి. ఒకరిద్దరు మాత్రము కార్లు దిగి, ఏమియు పలుకక, ఆయన ప్రక్కనే వచ్చి నిలిచిరి. "నాకు అప్పుడు పదునెనిమిదేండ్లు. మా నాయనను చూచి సిగ్గుతో నేల చూచుచుంటిని. మా బడి పిల్లలందరు అక్కడనే యుండిరి" అని ముసలాయన చెప్పెను. చివరకు యజమాని నీరు పోయుటకు ఒప్పుకొనెను. తండ్రియు కుమారుడును నాలుగు బండ్లు పోసిరి. అరగంట కాదు, ముప్పావుగంట పట్టెను. చీకటి పడినందున పందెమును సగము చుట్లకే కుదించిరి. రెండవ వంపున ఒక కారు అడ్డము తిరిగి నిలిచిపోయెను. వెనుక వచ్చినవారందరు దానిని చూచి, తప్పించుకొని పోయిరి. ఎవరికిని గాయము కాలేదు.

మరుసటి శనివారమునకు ఆ పని ఇంకొకరికి ఇయ్యబడెను. తండ్రి మరల ఆ మైదానమున అడుగుపెట్టలేదు. ఆ సంగతి మరల ఎత్తనుకూడ లేదు. ఆ దినమున గెలిచినవాని పేరు వార్తాపత్రికలో పడెను. నీళ్లబండి మాట ఎక్కడను లేదు.

"చూడుడి మాష్టారూ," అనెను ఆ వృద్ధుడు, "ఒకడు చనిపోయినయెడల తేదీ వ్రాయుదురు, పేరు వ్రాయుదురు. చనిపోవలసినవాడు చనిపోక ఇంటికి పోయి భోజనము చేసినయెడల, దానిని ఎవరు వ్రాయుదురు? ఆ రాత్రి రెండవ వంపున ఎవరు చావక మిగిలిరో వారికే తెలియదు. మా నాయనకును తెలియదు."

ఈ మాట నన్ను చాల దినములు విడువలేదు.

ఆ తరువాత ఆయన పెద్ద బాటలకు పోవుట మానలేదు. కాని చూచు చూపు మారెను. లాంగ్‌హార్న్ సంగతులు చెప్పునప్పుడు, గెలిచినవారికంటె ముందుగా ఆయన మూడు పేర్లు చెప్పును. లారీ మాన్, 1952 సెప్టెంబరు 14న. నేడు నాస్కార్ అని దేశమంతట ప్రసిద్ధికెక్కిన సంస్థయొక్క మొదటి తరగతి పందెములలో మరణించిన మొదటి డ్రైవరు ఇతడే. మైక్ నాజరుక్, 1955 మే 1న. యుద్ధమునుండి ప్రాణముతో తిరిగివచ్చి, బాటమీద ప్రాణము విడిచినవాడు. జిమ్మీ బ్రయాన్, 1960 జూన్ 19న. 1958లో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెము గెలిచిన మహావీరుడు. లాంగ్‌హార్న్‌లో మొదటి చుట్టులోనే పడిపోయెను.

సంతోషకరమైన జ్ఞాపకములును కలవు. 1949 సెప్టెంబరు 11న లాంగ్‌హార్న్‌లో సారా క్రిస్టియన్ అను స్త్రీ పురుషులతో సమానముగా తోలి 6వ స్థానమున వచ్చెను. గెలిచిన కర్టిస్ టర్నర్ ఆమెను తనతోకూడ విజేత నిలుచు చోటికి పిలిచి గౌరవించెను. "ఆ దినమున చప్పట్లు కొట్టి నా చేతులు వాచెను" అని ముసలాయన నవ్వెను.

ఒకనాడు నేను సూటిగా అడిగితిని: "ఇందరు చనిపోయిన ఆటను మీరు ఇంకను ప్రేమించుచున్నారా? అట్టిదానిని చూచుట న్యాయమా?" ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "మా అమ్మ ఇదే అడుగుచుండెడిది. ఆమెకు నేను సరియైన జవాబు చెప్పలేకపోతిని, మీకును చెప్పలేను. ఆ యింజన్ల మ్రోత, తడిసిన మట్టి వాసన నాకు ఇప్పటికిని ఇష్టమే. కాని అది ఎవరి ప్రాణముతో కొన్నదో మరచి దానిని ఇష్టపడుట దొంగతనమని నాకు తోచును. అందుచేత మొదట ఆ పేర్లు చెప్పుదును" అనెను. ఆయన తన్ను సమర్థించుకొనలేదు. అందుచేతనే ఆయన మాట నాకు నమ్మదగినదిగా తోచెను.

లెక్కలు వ్రాయువారినిగూర్చి ఆయన మరియొక సంగతి చెప్పెను. వెండెల్ స్కాట్ అనునతడు వర్జీనియా రాష్ట్రములోని డాన్‌విల్ ఊరివాడు, నల్లజాతివాడు. ధనసహాయము లేక, తన కారును తానే బాగుచేసికొనుచు పందెములలో పాల్గొనెను. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడా రాష్ట్రము జాక్సన్‌విల్‌లో అర మైలు మట్టిబాటమీద అందరికంటె ముందుగా నిర్ణయింపబడిన చుట్లు ముగించెను. అయినను గెలుపు జెండా అతనికి ఊపలేదు. ట్రోఫీని వెనుక వచ్చిన తెల్లజాతి డ్రైవరు చేతికిచ్చిరి. జనులు వెళ్లిపోయిన తరువాత, లెక్కలో తప్పు జరిగెనని అధికారులు ఒప్పుకొనిరి. నల్లజాతివాడు గెలిచినట్లు జనసమూహము ఎదుట చాటుటకు ఇష్టము లేకయే ఇట్లు చేసిరని స్కాటు నమ్మెను. ఆయన 1990లో మరణించెను. 2015లో ఆయన పేరు నాస్కార్ ఘనుల వరుసలో చేర్చబడెను. ఆ గెలుపుకు తగిన ట్రోఫీని ఆయన బిడ్డలకు అప్పగించినది 2021 ఆగస్టులో. అనగా పందెము జరిగిన దాదాపు 58 ఏండ్లకు.

"తప్పు వ్రాసిన లెక్కను ఎప్పటికైనను దిద్దవచ్చును, దిద్దుమని అడుగువారు బ్రతికియుండవలెను, అంతే. ఆ కుటుంబము అడుగుట మానలేదు. మా నాయన సంగతి అసలు లెక్కలోనే లేదు. దానిని దిద్దుటకు పుస్తకము లేదు. నేనొక్కడనే ఉన్నాను" అని ఆయన చెప్పెను. ఇది చెప్పునప్పుడు ఆయన గొంతు కొంచెము వణికెను. ఆయనకు పిల్లలు లేరు. 90 ఏండ్లు దాటినవాడు. ఆయనతోకూడ ఆ నీళ్లబండి కథయు పోవునేమోయన్నది ఆయన దిగులు. ప్రతి సాయంకాలము మమ్ము పిలిచి కూర్చుండబెట్టుటకు కారణము అప్పుడు నాకు తెలిసెను.

మట్టిబాటల కాలము క్రమముగా సన్నగిల్లెను. 1965లో లాంగ్‌హార్న్ బాటకు తారు వేసిరి. 1970 సెప్టెంబరు 30న ఉత్తర కరొలైనా రాష్ట్రము రాలీ నగరమున జరిగిన పందెముతో నాస్కార్ మొదటి తరగతివారు మట్టిని విడిచిరి. 2021 మొదలు 2023 వరకు మాత్రము టెనెసీ రాష్ట్రము బ్రిస్టల్‌లో సిమెంటు బాటమీద మన్ను పోసి, ఏటికొక పందెము పెట్టిరి. లాంగ్‌హార్న్‌లో చివరి పందెము 1971 అక్టోబరులో జరిగెను. ఆ పెద్దలు విడిచిపోయినను పల్లెలు విడువలేదు. ఒహాయో రాష్ట్రములో 1954లో తెరచిన ఎల్డోరా, అయోవా రాష్ట్రములో 1961నుండి గొప్ప పోటీలు జరుగుచున్న నాక్స్‌విల్, ఇట్టి మట్టిబాటలు ఆ దేశములో నేటికిని వందలకొలది కలవు. అన్నిటియందును తెల్లవారకముందే లేచి నీళ్లబండి తోలువాడొకడు ఉండును.

నేను తిరిగి వచ్చుటకు ముందు మా అల్లుడు మమ్ము లాంగ్‌హార్న్ చూపించుటకు తీసికొనిపోయెను. ఇప్పుడచ్చట అంగళ్లును, కార్లు నిలుపు స్థలమును కలవు. అచ్చట బాట ఉండెడిదని తెలుపు చారిత్రక ఫలకము మాత్రము నిలిచియున్నది. ముసలాయన అల్లుని చేయి పట్టుకొని కొంత దూరము నడచి, బాట వంపు ఎక్కడ వచ్చెడిదో మా మనుమనికి చూపెను. వాడు, "మరి మీ నాయన బాట ఎక్కడ, తాతయ్యా?" అని అడిగెను. అది ఇండ్ల స్థలములైనదనియు, దానికి ఫలకము లేదనియు ఆయన చెప్పెను. తరువాత నాతట్టు తిరిగి, "మీరు మీ భాషలో ఏదైన పత్రికకు వ్రాయుదురని అల్లుడు చెప్పెను. దీనిని వ్రాయుడి. మా నాయన పేరు వ్రాయనక్కరలేదు, ఆయన ఒప్పుకొనడు. చేసిన పని వ్రాయుడి" అనెను. ఆ మాట చొప్పుననే ఇది వ్రాసితిని.

చదువరులారా, కార్ల పందెములను మెచ్చుకొనుడని నేను చెప్పుటలేదు. దానిని గూర్చి మీ మీ అభిప్రాయములు మీకుండును. కాని నీళ్లబండి తోలినవారు మన ఊళ్లలో లేరా? గోదావరి పొంగియున్న దినమున, పెండ్లివారు ఎంత తొందరపెట్టినను, పడవ కట్టు విప్పనని మొండికెత్తిన సరంగు ఎవడో ఉండును. ఆ పెండ్లివారు ఆలస్యమైనదని ఆయనను తిట్టుచునే మరునాడు సుఖముగా దాటియుందురు. కాలువకట్టకు గండిపడునేమోయని రాత్రియంతయు లాంతరుతో తిరిగిన లస్కరు ఉండును. ఆ రాత్రి గండిపడలేదు గనుక ఆయన తిరిగెనని ఎవరికిని తెలియదు. తడిసిన గోడను చూచి, పిల్లలందరిని ఆవరణలోని చెట్టుక్రిందికి తరలించిన పంతులమ్మ ఉండును. గోడ ఎవరిమీదను పడలేదు గనుక ఆమె పేరు ఏ దస్త్రమునను లేదు.

జరుగకుండ ఆగిపోయిన కీడునకు సాక్షులు కొద్దిమందియే. వారిలో పలువురు ఇప్పుడు వృద్ధులైయున్నారు. మీ యింటి అరుగుమీద కూర్చున్న తాతగారు చెప్పినదే చెప్పుచున్నారని విసుగుకొనకుడి. చెప్పినదే చెప్పుచున్నారనగా, అది ఇంకను ఎవరి చేతికిని అందలేదని వారికి తోచుచున్నదేమో! ఈ వారమే వారి ప్రక్కన కూర్చుండి, "ఆ దినమున ఏమి జరిగెను?" అని మాత్రమే గాక, "ఏమి జరుగకుండ ఎవరు ఆపిరి?" అని కూడ అడుగుడి. వారు చెప్పినదానిని ఒక కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, ఇంట భద్రపరచుడి.